పట్టుకున్న కాలర్

నాంపల్లి కోర్టు వరండాలో సుబ్బరత్నం సాక్ష్యం పిలుపు కోసం అటూ ఇటూ తిరుగుతోంది. రెండు ప్రాంతాలూ కలిసి ఒకే రాష్ట్రమయ్యాక గుంటూరు నుంచి ఉద్యోగంతో వచ్చిన ఆమె భర్త మల్లేశ్వరరావు మాత్రం, పెళ్లికి వచ్చినట్టు ఇస్త్రీ చొక్కాలో హాయిగా నిలబడ్డాడు.

సర్కారు వకీలు వామన్‌రావు దగ్గరికొచ్చాడు. "జర యాది చేసుకోండ్రి అమ్మా. ఆబిడ్స్‌ల బీరయ్య మిమ్ముల నూకినప్పుడు సంచి వాని చేతిల ఉండెనా, కింద పడేసిండా? చేతిల ఉంటే దోపిడీ, పదేండ్ల దాకా శిక్ష పడొచ్చు. పడేసినంక పారిపోనీకి నూకితే దొంగతనం, మూడేండ్లకు మించదు. దెబ్బ సంగతి వేరే."

"చేతిలోనే ఉందండి. పోలీసులకూ అదే చెప్పాం," అన్నాడు మల్లేశ్వరరావు. దెబ్బ తిన్నది ఆయనే అనుకోవాలి.

బట్టల కొట్టు ముందు బీరయ్య సంచి లాక్కున్న మాట నిజమే. సుబ్బరత్నం అరిచేసరికి బెదిరి కింద పారేశాడు. సంచి తీసుకుని ఇంటికి పోవాల్సింది. పోకుండా వాడి కాలర్ పట్టుకుంది. విడిపించుకోవడానికి వాడు తోస్తే పడి మోచెయ్యి చీరుకుంది.

సంసారి ఆడది నడిబజారులో పరాయి మగాడి కాలర్ పట్టుకుందని తెలిస్తే అత్తగారు బతకనిస్తుందా? అందుకే సంచి లాక్కుంటూ తోశాడని చెప్పింది. అలా అంటే కాలర్ ఊసే రాదు. ఆ ఒక్క ముక్కకి ఏళ్లకేళ్లు జైలుంటుందని ఆమెకు ఎవరు చెప్పారు కనుక.

మెట్ల దగ్గర నుంచి బీరయ్య భార్య జంగమ్మ లేచి వచ్చింది. "నా మొగడు చేసింది తప్పే అమ్మా. చేసిన మట్టుకే చెప్పుండ్రి."

ఇంతలో లోపలికి పిలిచారు. సుబ్బరత్నం బోనెక్కింది.

"నూకినప్పుడు సంచి ఏడుంది?" అడిగాడు వామన్‌రావు.

చెప్పు చెప్పు అన్నట్టు మల్లేశ్వరరావు తల ఊపాడు.

"కింద ఉందండి."

"మరి ఎందుకు నూకిండు?"

"నేను వాడి కాలర్ పట్టుకున్నానండి."

"సంచి దొరికినంక కాలర్ ఎందుకు పట్టిన్రు?"

"కోపం వచ్చిందండి. కొడదామని."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. మల్లేశ్వరరావు లేచి బయటికి వెళ్లిపోయాడు.

ఆమె వచ్చేసరికి గేటు దగ్గర ఉన్నాడు. మొహం చూడలేదు.

"ఇంట్లో అమ్మకి నువ్వే చెప్పుకో," అన్నాడు.

"చెప్పుకుంటాను," అంది సుబ్బరత్నం. భయం మాత్రం ఏమీ తగ్గలేదు.