రాములవ్వ ఇంటి తోడు

షారోన్ రెంజల్ ఊళ్లో రాములవ్వ ఇంటికి రావడం ఇది రెండోసారి. ఆమె నిజామాబాద్‌లో పరిశోధన చేస్తోంది. ఇంటింటి పెరుగు సేకరించి, పాలను తోడుకునేలా చేసే బ్యాక్టీరియా జన్యువులను పోల్చడం ఆమె పని. చాలా ఇళ్లలో ప్యాకెట్ పెరుగులోని రకమే తేలింది. రాములవ్వ పెరుగులో మాత్రం ఇంకెక్కడా దొరకని రకం కనిపించింది. దాని జన్యువుల వివరం కంప్యూటర్‌లో ఉంది. ప్రాణంతో ఉన్న బ్యాక్టీరియా లేదు. ల్యాబ్‌లో ఫ్రీజర్ చెడిపోయి సీసాలన్నీ పాడయ్యాయి.

"అవ్వా, ఇంకొక్క చెంచా పెరుగు కావాలె."

"ఏడిది బిడ్డా? మా మరిది సచ్చిపోయిండు. మైల గదా, పాలు పెరుగు పారబోసి కుండ పలగ్గొట్టినం."

"మరి మళ్ల తోడు?"

"పెంటవ్వ ఇంట్లకెల్లి తెచ్చుకుంట. వాళ్లింట్ల సావైతే మా ఇంట్లకెల్లి తీస్కపోతరు. మా అత్త కాలం సంది గంతే. నిన్ననే దినాలైనయి. పా, పోదాం."

పెంటవ్వ ఇల్లు వెనక సందులో ఉంది. సంగతి విని ఆమె ఫ్రిజ్ తెరిచి చూపించింది. లోపల పెరుగు ప్యాకెట్ ఉంది.

"చెరుకు ఏసుడు బందువెట్టినంక బర్రెకు ఆకు మేత ఏడిదక్కా? అమ్మేసినం."

"నీ ఇంట్ల ఉంటదని గదనే నేను పారబోసింది!"

"నీ ఇంట్ల ఉంటదని గదా నేను ప్యాకెట్‌కు మర్లింది!"

"ఒక్క మాట చెప్పొద్దానే?"

"ప్యాకెట్ తెస్తున్నమని డప్పు కొట్టియ్యాల్నా?"

రాములవ్వ వేల్పూర్‌లోని కూతురు సుమనకు ఫోన్ చేయించింది. పెళ్లప్పుడు సుమన ఈ తోడే తీసుకెళ్లింది.

"గదెప్పుడో పోయిందవ్వా. మీ తాన ఉన్నది గదా, మళ్లొచ్చినప్పుడు తెచ్చుకుందామనుకున్న," అంది సుమన.

రాములవ్వ ఫోన్ పక్కన పెట్టింది.

"బిడ్డా, కంప్యూటర్‌ల ఉన్నదంటివి. దాంతోని చెయ్యరాదా?"

"రాదవ్వా. అదెట్లుండెనో తెలుస్తది, గంతే."

ఇంటి దగ్గర ఉదయం పిండిన పాలు ఉన్నాయి. ఇంకా ఆగితే విరిగిపోతాయి. రాములవ్వ వాటిని కాచి చల్లార్చింది. పెంటవ్వ గిన్నెలో ఇచ్చిన ప్యాకెట్ పెరుగు చెంచాడు తీసి, పాల మీద పట్టుకుని షారోన్ వైపు చూసింది. రాములవ్వ కలిపి మూత పెట్టింది.

"గిది తోడుకుంటదా?"

"తోడుకుంటది అవ్వా," అంది షారోన్.