మూడు గిన్నెల కూర

విజయమ్మ నీసు మాని పదకొండు నెలలైంది. ఆదివారం ఆరాధన నుంచి వచ్చాక కోడికూర లేకపోతే, పాస్టరుగారి ప్రసంగం కూడా చప్పగా ఉందనే మనిషి ఆమె. ఫోన్ల ఫ్యాక్టరీలో పనిచేసే కూతురు హెలెన్ నరాల జబ్బుతో పడిపోయి, కుడిచెయ్యి వేలాడేసుకుని కొనకనమిట్లలో బస్సు దిగిన రోజున దేవుడికి మొక్కుకుంది. ఎన్నాళ్ళని మొక్కుకుందో మొగుడికి కూడా చెప్పలేదు. అడిగితే, "ఆయనకు తెలుసు, నాకు తెలుసు" అనేది. పచ్చడి మెతుకులు తిని తిని రవికెలు వదులైపోయాయి.

ఇప్పుడు హెలెన్ వేళ్ళు కాస్త ముడుచుకుంటున్నాయి. అమ్మ ఒక్క పూటైనా ఇష్టంగా తినేలా వండిపెట్టాలని పట్టుబట్టింది.

ఫ్యాక్టరీలో తైవాన్ మేడం ఒకామె ఉండేది. మాంసం, గుడ్డు సరే, ఉల్లి వెల్లుల్లి కూడా ముట్టదు. అయినా ఆమె పుట్టగొడుగులు వండితే హాస్టల్ పిల్లలంతా ఆ వాసనకు గుమ్మంలో చేరేవాళ్ళు. నువ్వుల నూనె ఒక గిన్నె, సోయా సాసు ఒక గిన్నె, బియ్యపు సారా ఒక గిన్నె. మూడు గిన్నెల కూర.

"సారానా?" నాయన కరుణాకరం మొహం వెలిగింది.

"నీకు కాదు నాయనా, కూరకు. మనం గంజిలో బెల్లం కలిపి పోద్దాం."

వెలిగిన మొహం ఆరిపోయింది.

చివర్లో బేసిల్ ఆకు వెయ్యాలి. ఫోన్‌లో చూస్తే తులసి అని వచ్చింది. దుకాణం నాగరత్నమ్మ ఇంట్లో తులసికోట ఉందని కరుణాకరం అటు వెళ్ళాడు.

మార్కాపురం నుంచి తెప్పించిన పాల పుట్టగొడుగులను హెలెన్ చేత్తోనే పీచుపీచుగా చీల్చింది. కత్తి మీద ఇంకా పట్టు చిక్కడం లేదు.

"ఇటియ్యవే, నేను చీలుస్తా" అంది గడపలో కూర్చున్న విజయమ్మ.

"నువ్వు లేచినావంటే నేను వండను."

ఎడమచేత్తోనే బాండ్లిలో నూనె పోసి, అల్లం చక్రాలు వేసి, అంచులు ముడుచుకునేదాకా వేయించింది. ముక్కలు వేసి, సాసూ గంజీ పోసింది. కూర చిక్కబడుతుండగా కరుణాకరం వచ్చాడు.

"నాగరత్నమ్మక్క తులసి ఇయ్యలేదు. 'పుట్టగొడుగుల్లోకి తులసమ్మనా? నీకు మతుందా కరుణాకరం' అని కసిరింది. పెరట్లో సబ్జా ఆకు తుంచిచ్చింది."

హెలెన్ ఆకు నలిపి వాసన చూసింది. "ఇదే నాయనా! మేడం వేసేది ఇట్లనే ఉంటాది!"

ఆయన అక్కడితో ఆగి ఉంటే బాగుండేది.

"ఇంకోటి కూడా అనింది. పుట్టగొడుగులు నీసు కిందికే వస్తాయంట. వాళ్ళింట్లో గడప తొక్కనియ్యరంట."

విజయమ్మ తల ఊపింది. "నిజమే. తొలకరికి పుట్టల మీద లేచినవి మా అమ్మ ఏరుకొచ్చి, ఈ పూట నీసుకూరే అనేది. మీరు తినండి. నాకింత పచ్చడెయ్యి."

"మేడం తింటాది గదమ్మా. ఆమె గుడ్డు కూడా ముట్టదు!"

"ఆమె నియమం ఆమెది. మొక్కుకున్నది నేను."

హెలెన్ కళ్ళు నిండాయి. ఎడమచేత్తో తుడుచుకుంటుంటే బాండ్లి అడుగు అంటిన వాసన వచ్చింది. చటుక్కున కుడిచెయ్యి చాచి గరిట అందుకుంది. వణికే చేత్తోనే అడుగు గీకి, కలియబెట్టి, ఆకు వేసి స్టవ్ ఆపింది.

వెనక్కి తిరిగి చూస్తే విజయమ్మ చూపు గరిట మీదే ఉంది.

"ఏ చేత్తో కలబెట్టినావే?"

హెలెన్ తన చెయ్యి వైపు చూసుకుంది. గరిట ఇంకా కుడిచేతిలోనే ఉంది.

విజయమ్మ లేచి చేతులు కడుక్కుని, కంచం ముందు పెట్టుకుంది.

"నీసంటివి గదమ్మా?"

"నీసైతే ఏంది? నా బిడ్డ ఆ చేత్తో గరిట తిప్పేదాకా ముట్టనంటి. తిప్పితివి గదా."

కళ్ళు మూసుకుంది. ప్రార్థన ఎంతకీ తెగలేదు.

"ఆమెన్ అనవే, చల్లారిపోతాంది" అన్నాడు కరుణాకరం.

ముద్ద నోట్లో పెట్టుకుని పీచును నెమ్మదిగా నమిలింది. "ఎముకొక్కటే తక్కువ."

"ఆదివారం అదీ తెద్దాంలే. నేనూ నీతోపాటు పదకొండు నెలలు..."

"నువ్వా? పొదిలి పోయినప్పుడల్లా చొక్కాకు బిర్యానీ వాసనతో వచ్చినోడివి!"

కరుణాకరం కంచంలోకి తల దించాడు. విజయమ్మ తన కంచం ముందుకు జరిపింది.

"ఇంకో గరిటెడు వెయ్యి. ఆ చేత్తోనే."