గుంటలో మనిషి ఉండగా

పాపం చెయ్యమన్నవాడిదా, చేసినవాడిదా? ఈ సందేహం బోర్కెటెను ఏళ్ళ తరబడి వదల్లేదు. ఆదివారం ప్రార్థనలో మోకరిల్లినా అదే, మంగళవారం డ్రైడాక్‌లోకి నీళ్ళు వదిలే చక్రం ముందు నిలబడినా అదే. పాస్టరుగారిని అడిగితే, "పెట్టిన పని చెయ్యి నాయనా" అన్నారు. చేస్తూ వచ్చాడు. మొదట్లో నిద్ర పట్టేది కాదు. ఇప్పుడు బాగానే పడుతోంది. అదే అతనికి అర్థం కాదు.

డ్రైడాక్ అంటే ఓడ పట్టేంత గుంట. ఓడను లోపలికి తెచ్చి, తలుపు బిగించి, నీళ్ళు తోడేస్తారు. అప్పుడు కూలీలు కిందికి దిగి తుప్పు గీకుతారు, పాత రంగు ఊడగొట్టి కొత్తది పూస్తారు. ఓడ అడుగున గుల్లలు అంటకుండా ఆ రంగులో విషం ఉంటుంది. గీకిన పొట్టూ, కడిగిన నీళ్ళూ శుద్ధి తొట్టికి పోవాలి. తొట్టి పంపు చెడి చాలాకాలమైంది. కంట్రాక్టరు బాగుచేయించడు. చెత్త నేల మీద ఉండగానే సముద్రపు నీళ్ళు వదలమంటాడు. ఓడతో పాటు విషమూ బయటికి పోతుంది.

అదీ మంగళవారమే. ఆ రోజు సముద్రానికి సెలవని ఆచారం, తీరంలో ఏ పడవా వేటకు వెళ్ళదు. చూసేవాళ్ళు ఉండరని కంట్రాక్టరు ఎత్తు. వేటకు వెళ్ళనివాళ్ళంతా ఒడ్డునే ఉంటారని అతనికి తట్టలేదు.

ఒక మంగళవారం చేపలకు పొగబెట్టి అమ్మే షోర్మే గేటు తోసుకుని వచ్చింది. వెనకే జాలర్లు. సూపర్‌వైజరు క్వార్కూ కాళ్ళ ముందు తన చేపల బేసిన్ బోర్లించింది.

"వాసన చూడు బాబూ. పొగ వాసన రావాలి. మీ ఓడ వాసన వస్తోంది. సంతలో నా మొహాన కొట్టారు."

"సముద్రం నా జేబులో ఉందా అమ్మా? పోయి దాన్నే అడుగు" అన్నాడు క్వార్కూ.

రంగు గీకే లార్యా అడ్డొచ్చాడు. "ఓడ ఈ పూట కదలకపోతే మా కూలి ఎగ్గొడతారు. మీరు నాలుగు కేకలేసి ఇంటికి పోతారు. మా పిల్లలేం తినాలి?"

"మేం పట్టిందే కదరా తింటున్నారు" అన్నాడొక ముసలి జాలరి. "నువ్వు గీకింది నీ కెంకె ముద్దలోకే వస్తోంది. ఉప్పు సరిపోయిందా?"

కొందరు నవ్వారు. లార్యా దగ్గి ఉమ్మేశాడు. ఉమ్మి ఎర్రగా ఉంది. రక్తం కాదు, రంగే. దాన్ని చూస్తూ నిలబడిపోయాడు.

"బోర్కెటె, తిప్పు" అన్నాడు క్వార్కూ.

బోర్కెటె అలవాటుగా గుంటలోకి వంగి కేకేశాడు. "లోపల ఎవరన్నా ఉన్నారా?"

"ఎందుకయ్యా ఆ కేక?" అంది షోర్మే.

"మనిషి ఉంటే నీళ్ళు వదలం అక్కా. ఎవరు చెప్పినా వదలం."

"ఎంతమంది ఉండాలి?"

బోర్కెటె సూపర్‌వైజరు వైపు చూశాడు. భయమేమీ అనిపించలేదు.

"ఒక్కరు చాలు."

షోర్మే ఖాళీ బేసిన్ నెత్తిన పెట్టుకుని ఇనుప మెట్లు దిగింది. వెనకే ముసలి జాలరి. వెనకే వల అల్లే సూదులు చేతిలో అలాగే ఉన్నవాళ్ళు. చివరికి లార్యా, వాడి జట్టు.

"అక్కడ జారుతుంది, ఇటు కూర్చోండి" అన్నాడు లార్యా. "ఇది మేం రోజూ మింగే బురదే."

"తిప్పు" అన్నాడు క్వార్కూ. "వాళ్ళే లేచి పరిగెత్తుతారు."

"లోపల మనుషులున్నారు బాబూ."

"నీ ఉద్యోగం ఆ చక్రంలోనే ఉంది."

బోర్కెటె టోపీ తీసి చక్రానికి తగిలించి, తనూ కిందికి దిగాడు.

మధ్యాహ్నానికి పోలీసులొచ్చారు. ఇద్దరిని పైకి ఈడిస్తే తీరం నుంచి నలుగురు దిగారు. "పంపు బాగుచెయ్యండి, నేల ఊడ్చనివ్వండి, అప్పుడే లేస్తాం" అని లార్యా కింద నుంచి చెబుతూనే ఉన్నాడు. ఓడ కదల్లేదు.

పోలీసు బండిలో షోర్మే పక్కన బోర్కెటెను కుక్కారు. ఆమె కొంగుముడి విప్పింది.

"ఒక వానాకాలం ట్రోట్రో బండిలో నా చార్జీ నువ్విచ్చావు. గుర్తుందా?"

"లేదక్కా."

"నాకుంది. ఈ బండిలో ఎలాగూ చార్జీ అడగరు."

రెండు నాణేలు అతని చొక్కా జేబులో వేసి, ముడి మళ్ళీ బిగించుకుంది.