అయిదో చెయ్యి

పెళ్లికి ముందు నలుగు పెట్టడం సంఘానికి తగదని పాస్టరుగారు చెప్పి చెప్పి అలిసిపోయారు. ఆ పెద్దపల్లి వాడలోని మెథడిస్టు ఆడవాళ్లు మాత్రం ఏం తక్కువ తిన్నారా, కార్డు మీద 'ప్రార్థన కూడిక' అని వేయించారు. ప్రార్థన జరిగింది. ఆమెన్ అన్నారో లేదో, పసుపు గిన్నె బయటికొచ్చింది.

పీట మీద కూర్చున్నది పెళ్లికూతురు మహిమ. తల్లి సత్తవ్వ మాత్రం వంటింటి గడప దాటి రాలేదు. భర్త సీమోను పోయి నాలుగేళ్లు. మొదటి పసుపు అయిదుగురు ముత్తయిదువలే పెట్టాలని సీమోను చెల్లెలు క్యాథరిన్ పట్టు. అది బైబిల్లో ఎక్కడుందని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. నిజానికి అందరికంటే ఎక్కువ భయపడింది సత్తవ్వే. కూతురికి పసుపు పెట్టాలని ఆమె ప్రాణం కొట్టుకుంటోంది. తన చెయ్యి తగిలి రేపు పిల్లకేమైనా అయితే అన్న దిగులు ఆమెను గడప దాటనివ్వడం లేదు.

తీరా చూస్తే నలుగురే తేలారు. ఆసిఫాబాద్ నుంచి రావలసిన బంధువుకు బస్సు దొరకలేదట. క్యాథరిన్ పరేషానై, పక్కింటి గౌహర్‌ను పిలిపించింది. షరీఫ్ భార్య, మొగుడు నిక్షేపంలా ఉన్నాడు, మతం సంగతి తర్వాత చూసుకోవచ్చు. గౌహర్ వాళ్లలోనూ మాంజా అని పెళ్లికి ముందు పసుపు పెడతారు, దానికీ మొగుడున్న ఆడవాళ్లనే ముందు పిలుస్తారు. కాబట్టి ఆమెకు ఏమీ వివరించనక్కర లేకపోయింది.

గౌహర్ వచ్చి, కొంగు తలమీదికి లాక్కుని, గిన్నెలో వేళ్లు పెట్టబోయి ఆగింది.

"ముందుగాల్నే చెప్తున్న. షరీఫ్ నాకు రెండో ఇంటాయన. మొదటాయన చచ్చిపోయిండు."

క్యాథరిన్ కాస్త తడబడి, ఇప్పుడు భర్త ఉన్నాడు కదా, పెట్టమంది.

"గా నడుమ ఏండ్లు నేను ఒంటిదాన్నే. నా బిడ్డ ముస్కాన్‌కు గీ చెయ్యితోనే అన్నం తినిపించిన, తల దువ్విన. పిల్లకేం గాలే. మరి సత్తక్క చెయ్యి ఏం జేసింది?"

అందులో తగాదా ఏమీ లేదు, ఉన్నమాట చెప్పినట్టే చెప్పింది. సత్తవ్వకు మాత్రం ఆ మాట సూటిగా తగిలింది. ఈ నాలుగేళ్లూ మహిమకు జడ వేసింది, జ్వరమొస్తే నుదురు పట్టి చూసింది. అప్పుడు ఈ చేతిని వద్దన్నవాళ్లు లేరు. అది చెడ్డ చెయ్యి అని తనకూ తోచలేదు.

గౌహర్ పసుపు పెట్టి గిన్నెను గడప వైపు జరిపింది. "అవ్వా, రా" అని తల్లిని పిలిచింది మహిమ.

సత్తవ్వ వచ్చింది. కూతురి పాదానికి చిటికెడు రాసి, చురుక్కుమన్నట్టు చెయ్యి వెనక్కి తీసుకుని, ఆ పిల్ల ముఖంలోకే చూస్తూ ఉండిపోయింది. ఏమీ కాలేదు. మహిమ నవ్వింది. సీమోను ఉంటే ఎంత బాగుండేదో అనిపించి సత్తవ్వకు ఏడుపు ఆగలేదు.

అన్న గుర్తొచ్చి క్యాథరిన్ కూడా కొంగుతో కళ్లు తుడుచుకుంది. తర్వాత గిన్నె తెచ్చి వదిన ఒళ్లో పెట్టింది.

"గా చెంపలు ఉట్టిగనే ఉంచుతవా వదినె? మంచిగ నిండ వెట్టు. నీ బిడ్డే కద."