నాలుగు కోట్ల అంకెల సన్మానం

త్రినాథరావు ముప్పై ఆరేళ్ళు కోర్బా గనుల నుంచి బొగ్గు రైళ్ళు నడిపాడు. వాటి వెనక గార్డు పెట్టెలో కూర్చుని వచ్చినవాణ్ణి నేను. ఆయన గొప్పలన్నీ నాకు కంఠతా వచ్చు. రిటైరై అక్కడి హిందీ ఊళ్ళోనే, నెహ్రూ నగర్‌లో ఇల్లు కట్టుకున్నాక ఆ గొప్పలు చాలక కంప్యూటరు కొన్నాడు. ఒకటితోనూ తనతోనూ తప్ప మరి దేనితోనూ తెగని ప్రధాన సంఖ్యల్లో, ఇంతవరకూ ఎవరికీ దొరకనంత పెద్దదాన్ని పట్టుకుంటాడట. ఇంటర్నెట్‌లో వేలమంది తలా ఒక సంఖ్య పంచుకుని పరీక్షిస్తారు. ఈయన వంతుకు నాలుగు కోట్ల పైచిలుకు అంకెలున్నది వచ్చింది.

"దొరికితే దాని పక్కన నా పేరుంటాది అమ్మన్నా. ఇన్నేళ్ళ డ్యూటీలో నా పేరు ఏ బోర్డు మీదైనా ఉన్నాదేటి?" అన్నాడు.

ఆ మాటకు మాత్రం నాకు నవ్వు రాలేదు.

కంప్యూటరు నలభై రోజులుగా ఆగకుండా లెక్క చేస్తోంది. ఇంతలో విశ్వకర్మ పూజ వచ్చింది. ఆ రోజు షెడ్డులో ఇంజన్లకు బొట్టు పెట్టి పసుపునీళ్ళు చల్లడం మా ఆనవాయితీ. ఇంజను ఏం చేసినా ఊరుకుంటుంది. ఈ మహానుభావుడు నడుస్తున్న కంప్యూటరుకు మూత తీసి మరీ మామిడాకుతో చల్లాడు.

"అందులో నీళ్ళేటండీ!" అని భార్య అచ్చియమ్మ మొత్తుకుంది.

"మిషనంటే మిషనే. నీకేటి తెలుసు?" అని హారతి కూడా ఇచ్చాడు.

మూడోనాడు తెరమీద ఫలితం వచ్చింది. ప్రధాన సంఖ్యే! వేరే కంప్యూటర్లు సరిచూసేదాకా ఎవరికీ చెప్పవద్దని దాని కిందే రాసి ఉంది. బ్రేకులు సరిగ్గా ఉన్నాయన్న కాగితం మీద నా సంతకం కూడా పడితేగాని బండి కదిలించని మనిషి, ఆ ముక్క చదవనైనా లేదు. తిన్నగా తెలుగు సంఘం కార్యదర్శి శంకరరావు దగ్గరికి పరిగెత్తాడు. ఆదివారం సన్మానమన్నారు.

శనివారం మెయిల్ వచ్చింది. సరిచూసిన రెండు కంప్యూటర్లూ అది ప్రధాన సంఖ్య కాదన్నాయి. మీ మిషన్లో మెమరీ పాడై లెక్క తప్పిందని రాశారు. త్రినాథరావు అన్నం ముట్టలేదు. శంకరరావుకు ఫోన్ చేసి అంతా చెప్పి, సన్మానం ఆపమని బతిమాలాడు.

"అచ్ఛా, అలాగేటి? పర్లేదు బావా, ఫ్లెక్సీ కట్టేసినాం, వంటోళ్ళు కూడా వచ్చేసినారు. నువ్వు వచ్చీ, చాలు," అన్నాడాయన.

ఆదివారం వేదికెక్కి త్రినాథరావు మైకు అందుకున్నాడు. "అది ప్రధాన సంఖ్య కాదు. నా మిషను తప్పు చెప్పినాది. నన్ను క్షమించండి."

హాలంతా చప్పట్లు. ఇంత పెద్ద సంఖ్య కనిపెట్టినందుకు మన జాతే గర్వించాలంటూ శంకరరావు శాలువా కప్పేశాడు. ఫోటోలు తీశారు.

కిందికి దిగి ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. "నేను కాదన్నది ఒక్కడికైనా అర్థమైనాదేటి అమ్మన్నా?"

"దొరికినాదని చెప్పినప్పుడు మాత్రం ఎవడికి అర్థమైనాది?" అన్నాను.

అనకుండా ఉండాల్సింది.