పంపినోళ్ల పేరు

అంబులెన్సు వచ్చి వాడకట్టు మొదట్లో ఆగి అరగంటైంది. తలుపు మాత్రం తెరవలేదు. లోపల యేసుబాబు ఉన్నాడు. పొరుగు రాష్ట్రంలో కాలువ తవ్వే పనికి పోయి, గట్టు కూలి మీద పడితే మట్టి కిందనే ప్రాణం విడిచిన ఇరవై నాలుగేళ్ల పిల్లగాడు. బయట వాళ్లమ్మ రంగమ్మ ఆ రేకు తలుపుకు చెయ్యి ఆనించి నిలబడింది. మిట్టమధ్యాహ్నపు ఎండకు రేకు కాలుతున్నా చెయ్యి తియ్యలేదు.

డ్రైవర్ చేతిలో ఒక కాగితం ఉంది. దాని మీద సంతకం పడేదాకా శవాన్ని దించొద్దని కంపెనీ చెప్పి పంపిందట. ఆ సంతకం పెట్టాల్సింది కన్నతల్లి కాదు, పని జాగా నుంచి బండి వెనకే వచ్చిన మేస్త్రీ మాసయ్య.

గోపాల్‌పేట చుట్టుపక్కల మాసయ్యను ఎరగనివాళ్లు లేరు. ఏటా దసరా దాటగానే నలభై మందిని లారీ ఎక్కించి కంపెనీ పనికి తోలుకుపోయే గుంపు మేస్త్రీ ఆయన. బడిలో ఏడో తరగతి దాకే చదివాడు గానీ, కోతలు కోయడంలో పెద్ద పట్టా పుచ్చుకున్నాడు. కంపెనీవాళ్లు ఆయనకొక తెల్ల టోపీ ఇచ్చారు. పని జాగాలో కూలీలకు పసుపు టోపీలు, ఇంజనీర్లకు తెల్లవి. కూలోళ్లలో పుట్టి తెల్ల టోపీ పెట్టినవాడు మాసయ్య ఒక్కడే. దాన్ని పెట్టుకుని పెండ్లి ఊరేగింపులకు కూడా పోయేవాడు. ఒకసారి బండగుండు దొర్లొచ్చి నెత్తిన పడితే గుండే రెండు చెక్కలైందని, టోపీకి గీత కూడా పడలేదని చెప్పేవాడు. తాను దగ్గితే సైటు మీద మిషన్లన్నీ ఆగిపోతాయని, మళ్లీ గొంతు సవరించుకుంటే గానీ మొదలు కావని చెప్పేవాడు. జనం పడీపడీ నవ్వేవాళ్లు. నవ్వుతూనే నమ్మేవాళ్లు. ఆ నమ్మకంతోనే లారీ ఎక్కేవాళ్లు.

లారీ కదిలేముందు ఆ వాడలో ఒక పద్ధతి ఉంది. తల్లి తన కొడుకు మణికట్టు పట్టుకుని మేస్త్రీ చేతిలో పెడుతుంది. నీ చేతుల పెడుతున్న, ఎట్ల తీస్కపోతున్నవో గట్ల తెచ్చియ్యాలె, అంటుంది. మేస్త్రీ ‘తెస్త’ అనాలి. ఆ మాట పడనిదే బండి కదలదు. మొన్న దసరాకు రంగమ్మ కూడా పెట్టింది. మాసయ్య కూడా ‘తెస్త’ అన్నాడు.

ఇప్పుడు అదే చేతికి డ్రైవర్ పెన్ను అందించాడు. కాగితంలో రెండే వాక్యాలు. చచ్చిపోయింది కాంట్రాక్టర్ మాసయ్య గారి సొంత కూలీ అని, శవాన్ని ఆ కాంట్రాక్టరే తీసుకున్నాడని. మాసయ్య చదివాడు. చదవకుండా పెట్టానని తర్వాత ఎన్నోసార్లు చెబుదామనుకున్నాడు గానీ చదివాడు. అచ్చక్షరాల్లో తన పేరు పక్కన ‘గారు’ కనబడితే, ఆ ఏడుపుల మధ్య, ఆ ఎండలో, లోపలెక్కడో ఒక్క క్షణం ఛాతీ పొంగింది. ఆ క్షణాన్ని ఆయన చచ్చేదాకా మరిచిపోలేదు. సంతకం పెట్టాడు. తలుపు తెరుచుకుంది.

పాస్టర్ వచ్చి ప్రార్థన చేశాడు. పూడ్చిపెట్టారు. యేసుబాబు మీద రెండోసారి మన్ను పడింది.

నాలుగో రోజు కూలీల సంఘం పెద్దన్న కంపెనీకి ఫోన్ చేశాడు. మాకూ ఆ పిల్లగాడికీ సంబంధం లేదు, మా దగ్గర వాడి పేరే లేదు, వాడు మాసయ్య కూలీ, ఆ సంగతి మాసయ్యే రాసిచ్చాడు అని అవతల నుంచి జవాబొచ్చింది. పెద్దన్న ఆ మాట నీళ్ల ట్యాంకు కింద అందరిలో చెప్పాడు. వాడ వాడంతా మాసయ్య మీదికి లేచింది. ఆడోళ్లు మన్ను పోశారు. మొగోళ్లు అంగీ పట్టుకున్నారు. వెనక నుంచి ఎవరో మెల్లగా అన్నారు:

“టోపీ ఏది మేస్త్రీ? పెట్టుకో. గుండ్లు పడేటట్టున్నయ్.”

ఎవరూ నవ్వలేదు. అన్నవాడు కూడా నవ్వలేదు.

పెద్దన్న అడ్డం పడ్డాడు. వీన్ని కొడితే కంపెనీకి చేతులు కడుక్కునుడు సులువైతదని, మనం మనం తన్నుకుంటుంటే వాళ్లు ఇంకో మేస్త్రీని వెతుక్కుంటారని అన్నాడు. మరి వదిలెయ్యాల్నా అని పదిమంది లేచారు. వాదులాట పొద్దు వాలేదాకా సాగింది. అప్పుడు పెద్దన్న బిడ్డ అర్చన ముందుకొచ్చింది. హైదరాబాదులో వకీలు చదువు చదువుతున్న పిల్ల. మాసయ్య ముందు గొంతుక్కూర్చుంది.

“మామా, పొద్దుగాల ఎన్నింటికి పనిల దిగాల్నో ఎవరు చెప్తరు?”

“కంపెనీ.”

“ఏడ తవ్వాల్నో?”

“ఇంజనీరు సున్నం గీత గీస్తడు. ఆ గీత మీదనే.”

“మనుషులను పట్కరమ్మని?”

“వాళ్లే ఫోన్ జేస్తరు.”

“మరి నువ్వు ఏం కాంట్రాక్టరువి మామా?”

మాసయ్య తల వంచుకున్నాడు.

అర్చన లేచి జనంవైపు తిరిగింది. “పంపినోడు ఒకడు. వాడు పంపితే వచ్చినోడు ఈ మామ. వచ్చినోన్ని చూసి నమ్మినోళ్లం మనం. తన పనికి మనిషిని పెట్టుకొని, నెత్తి మీద టోపీ పెట్టి, నా మనిషే అన్నట్టు ఊర్ల మీద తిప్పి, పానం పోయినంక వాడెవడో నాకు తెల్వదంటే చట్టం ఒప్పుకోదు. వచ్చినోడు చేసింది పంపినోడు చేసినట్టే. కాని ఈ మామ నోరు తెరిచి చెప్పాలె, నన్ను పంపింది వాళ్లేనని. చెప్తే తనమీదికి గూడ వస్తది.”

రంగమ్మ అంతసేపూ మూలకు కూర్చుని ఉంది. పైసలిస్తరా అని ఎవరో అడిగితే అప్పుడు నోరు విప్పింది. పైసల సంగతి తర్వాత, నా కొడుకు ఎవరి పనిల సచ్చిండో మొదలు గది ఒప్పుకోండ్రి అంది. మాసయ్య ముఖం మాత్రం చూడలేదు. ఆయన చేతినే చూసింది.

ఆ సాయంత్రమే సంఘం తరఫున లేబర్ ఆఫీసుకు అర్జీ రాశారు. ఇంకో మాట కూడా ఖాయమైంది. ఒక్కొక్క కూలీ పేరు మీద కంపెనీయే కాగితం రాసి, కంపెనీయే సంతకం పెట్టేదాకా ఎవరూ లారీ ఎక్కొద్దని. చుట్టూ ఆరు ఊర్లు అదే అన్నాయి. కొత్త గుంపు కోసం కంపెనీ పంపిన లారీ గోపాల్‌పేట రోడ్డు మీద ఖాళీగా నిలబడిపోయింది. డ్రైవర్‌కు ఊరివాళ్లే జొన్నరొట్టె పెట్టారు. ఆయనతో మాకేం పంచాయితీ, ఆయన్నీ ఎవరో పంపిందే గదా అన్నారు.

మూడో రోజు కంపెనీ మేనేజరు కారులో నేరుగా మాసయ్య ఇంటికొచ్చాడు. తీయగా మాట్లాడాడు. లేబర్ ఆఫీసులో అడిగినప్పుడు కొత్తగా ఏమీ చెప్పక్కర్లేదు, కాగితంలో ఉన్నదే చెప్పు చాలన్నాడు. వచ్చే ఏడు ఒక్క లారీ కాదు, రెండు లారీలన్నాడు. లేదంటే లైసెన్సు లేకుండా మనుషుల్ని తోలినందుకు, అజాగ్రత్తగా ఒకణ్ని చంపినందుకు నీమీదే కేసన్నాడు. పోతూ పోతూ గోడకు వేలాడుతున్న తెల్ల టోపీని తీసుకుని కారులో వేసుకున్నాడు. మాసయ్య గోడ మీద మిగిలిన మేకును చూస్తూ కూర్చున్నాడు.

వనపర్తి లేబర్ ఆఫీసులో విచారణ నాడు ట్రాక్టర్ల మీద, ఆటోల్లో, కాలినడకన జనం వచ్చి ఆఫీసు ముందు కూర్చున్నారు. కిటికీలు తెరిచే ఉన్నాయి. మేనేజరు మొదట చెప్పాడు, మాసయ్య మా మనిషి కాదని. సంతకం చూపించాడు. ఆఫీసరు మాసయ్యను అడిగాడు.

మాసయ్య లేచాడు. బయట కిటికీ చువ్వల వెనక రంగమ్మ కనిపించింది.

“సంతకం నాదే సార్. చదివే పెట్టిన. అబద్ధానికే పెట్టిన. నేను కంపెనీ మనిషిని. ఆ పొద్దు మన్ను తడిగుంది, చిన్నాయినా, భయమైతుంది అన్నడు యేసుబాబు. నేను కంపెనీకి ఫోన్ జేసిన. పని ఆపొద్దన్నరు. వాళ్ల మాటే వానికి చెప్పిన. దిగు కొడుకా అన్న.”

ఆఫీసరు నీళ్లివ్వమన్నాడు. మాసయ్య తాగలేదు.

“నేను దగ్గితే మిషన్లు ఆగుతయని మా ఊర్ల చెప్పుకున్న సార్. గట్టు కూలినప్పుడు ఆపుండ్రి, ఆపుండ్రి అని గొంతు చినిగేదాంక మొత్తుకున్న. ఒక్క మిషన్ ఆగలే.”

బయట కూర్చున్నవాళ్లలో పోయిన ఏడు ఆ కోతకు పొట్ట పట్టుకుని నవ్వినవాళ్లున్నారు. వాళ్లు కొంగులు, తువ్వాళ్లు నోట్లో కుక్కుకున్నారు. జనంలోంచి ఇంకో ఊరి మేస్త్రీ లేచాడు. నన్ను గూడ కంపెనీయే పెట్టింది, రాసుకోండ్రి అన్నాడు. ఆయన పక్కనే ఇంకొకడు లేచాడు. కూలీలు వాళ్ల చుట్టూ చేరారు. ఆఫీసరు అన్నీ రాసుకున్నాడు. మేనేజరు ఫోన్ పట్టుకుని వెనక తలుపు నుంచి బయటికి పోయాడు.

మాసయ్య మెట్లు దిగేసరికి జీపు వచ్చి ఉంది. కంపెనీ ఫిర్యాదు మీద పని జాగా దిక్కు నుంచి వచ్చిన పోలీసులు, వాళ్లకు తోడు వనపర్తి ఠాణా కానిస్టేబుల్. అజాగ్రత్త వల్ల చావు, లైసెన్సు లేని మేస్త్రీ, నిందితుడు ఒక్కడే. మేనేజరు చెప్పిందే చేశారు. జనం జీపుకు అడ్డం నిలబడ్డారు. మాసయ్య వద్దన్నాడు. పోతానన్నాడు. దిగమన్నది నేనే గదా అన్నాడు.

అప్పుడు రంగమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. కొడుకు పోయినప్పటి నుంచి చూస్తున్న ఆ చేతిని పట్టుకుంది. ఆమె ఆయన మణికట్టును తీసుకుపోయి కానిస్టేబుల్ చేతిలో పెట్టింది.

“మా మనిషిని నీ చేతుల పెడుతున్న. ఎట్ల తీస్కపోతున్నవో గట్ల తెచ్చియ్యాలె. తెస్త అను.”

కానిస్టేబుల్ చిన్నవాడు. ఎటు చూడాలో తెలియక, నాదేం లేదమ్మా, పైనోళ్లు పంపితే వచ్చిన అన్నాడు.

“తెల్సు బిడ్డా,” అంది రంగమ్మ. “నువ్వూ పంపితే వచ్చినోనివే. నిన్ను పంపినోళ్ల పేరు చెప్పు.”

ఆయన మాసయ్యను జీపెక్కించాడు. జీపు కదిలింది గానీ పరుగెత్తలేకపోయింది. ముందూ వెనకా జనమే. ఎవరూ రాయి తీయలేదు. నడుస్తూ అద్దంలోకి వంగి ఒక్కొక్కరే అదే అడుగుతున్నారు, మెల్లగా, ఒకరి తర్వాత ఒకరు. పేరు చెప్పు. పంపినోళ్ల పేరు చెప్పు. ఠాణా గేటు మూసుకున్నాక అక్కడే కూర్చున్నారు. మర్నాడు పొద్దున గోపాల్‌పేట రోడ్డు మీది లారీ ఖాళీగానే తిరిగిపోయింది. ఠాణా ముందు మాత్రం మనుషులు ముందటి రోజు కంటే ఎక్కువున్నారు.