విశ్రాంతి నమూనా

గ్రైండర్లో ఇడ్లీ పిండి తిరుగుతుంటే, అంచులకు అంటినదాన్ని చేత్తో తోస్తూ వంగి నిలబడ్డాను. నైటీ లోపల మా కంపెనీ బనియను.

"ఆదివారం కూడా ఆఫీసు బట్టలేనా?" అన్నాడు మా ఆయన ఇళంగో, సోఫాలోంచి లేవకుండానే.

"రెస్టు ఎలా ఉంటుందో దీనికి చూపించాలటండీ."

"బావుంది. జీతమిచ్చి మరీ పడుకోమంటున్నారన్నమాట!" అని నవ్వి, టీ అడిగాడు.

తిరుప్పూరులో అందరూ బనియన్లు కుడతారు. మాది బుర్ర ఉన్న బనియను. వెండి పూత దారాన్ని బట్టలోనే అల్లి, గుండీ అంత కంప్యూటరును అంచులో కుట్టాం. తొడుక్కున్న మనిషి ఎప్పుడు అలసిందో అదే కనిపెట్టి, కాసేపు కూర్చోబెట్టమని సూపర్‌వైజరుకి చెబుతుంది. అయితే ముందు దానికి నేర్పాలి, ఇది పని, ఇది విశ్రాంతి అని. పని ఎలా ఉంటుందో కుట్టు లైన్లో ఆడవాళ్లు కావలసినంత చూపించారు. విశ్రాంతే దొరకలేదు. "తేన్‌మొళీ, ఆదివారం ఇంట్లో ఖాళీయే కదమ్మా, మీరు తొడుక్కోండి" అన్నారు ముత్తువేల్ సార్. సరే అన్నాను. నేను ఖాళీయేనని నాకూ అనిపించింది.

ఆ పూట మటన్ కుళంబు చేశాను, అంట్లు తోమాను, అత్తమ్మ మోకాళ్లకు నూనె రాశాను. కాసేపు కూర్చుంటే, "ఊరికే కూర్చునే బదులు ఆ బట్టలు మడతపెట్టొచ్చుగా అమ్మాయీ, అదేమన్నా పనా?" అందావిడ. మడతపెట్టాను. ఒకప్పుడు ఇలాంటి మాటకి రోషం వచ్చేది. ఇప్పుడేమీ లేదు. చాలాసేపు మంచుగడ్డ పట్టుకున్న చేతిలా ఉంటుంది లోపలంతా.

సోమవారం తెర మీద నా ఆదివారాన్ని చూసి సార్ కళ్లద్దాలు సర్దుకున్నారు. "ఏంటమ్మా, బనియను గానీ పాడైందా? లైన్లో డబుల్ షిఫ్టు చేసినట్టుందే!"

"పాడవలేదు సార్."

"పోనీలెండి. ఇంట్లోనే ఉన్నారు కదా, విశ్రాంతి అని పేరు పెట్టేయండి. శుక్రవారం బయ్యర్లొస్తారు."

ఆయన వెళ్లిపోయారు. వేలు మీట మీదే ఉంది. నొక్కేదాన్నే. నాకు కోపం కూడా రాలేదు. అద్దం అవతల కుట్టు లైన్లో సెల్వి నడుం పట్టుకుని వంగి ఉంది. నేనిప్పుడు ఇది నొక్కితే, రేపు ఆమె ఇలా వంగినప్పుడల్లా బనియను విశ్రాంతి అనుకుంటుంది. నడుం విరుగుతోందని చెప్పుకున్నా సూపర్‌వైజరు నమ్మడు. ఇప్పుడేగా కూర్చున్నావు, నీ బనియనే చెప్పింది, అంటాడు. ఆమెకి జవాబుండదు. నాకు ఎన్నడూ లేనట్టే.

ఆదివారం మొత్తానికి పని అని పేరు పెట్టాను. సార్ దగ్గరికి వెళ్లి, "అది పనే సార్. విశ్రాంతి వచ్చే సోమవారం తెస్తాను" అన్నాను.

"మరి బయ్యర్లు?"

"అబద్ధం నేర్చిన బనియను వాళ్లకి మాత్రం ఎందుకు సార్?"

ఆయన నా మొహంలోకి చూశారు. అక్కడ ఆయనకేం కనిపించిందో గానీ, బయ్యర్లకి చెప్పడానికి ఫోను తీశారు.

తర్వాతి ఆదివారం పొద్దున్నే పెద్ద సైజు బనియను ఒకటి తెచ్చి ఇళంగో చేతిలో పెట్టాను.

"నేనా? నేనేం చెయ్యాలి దీంతో?" అన్నాడు కంగారుగా.

"ఏమీ చెయ్యక్కర్లేదండీ," అన్నాను. "రోజూ ఎలా ఉంటారో అలాగే ఉండండి."